కాలువలో వచ్చిన ఎరువు

మా ఇంట్లో పొలం పంచుకున్నప్పుడు ఎవరూ ఏడవలేదు. ఎద్దులు పంచుకున్నప్పుడూ ఏడవలేదు. పెంటదిబ్బ పంచుకునేటప్పుడు మాత్రం మా తోడికోడలు వేలమ్మాళ్ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో పెంటదిబ్బంటే చిన్న సంగతి కాదు. ఏడాది పొడుగునా పేడ, బూడిద, ఎద్దులు తొక్కిన చొప్ప అన్నీ అందులోనే పడాలి. పత్తి విత్తే ముందు బళ్లకెత్తి పత్తిచేలకు తోలాలి. ఆ దిబ్బ మీద తాడు పడిందంటే ఇల్లు నిజంగానే రెండయినట్టు.

తాడు వేయించింది ఊరి పెద్ద అప్పాసామి. ఒక కొస మా బావ దామోదరసామి చేతిలో, ఇంకో కొస మా ఆయన చేతిలో. మొగుడి పేరు చెప్పకూడదంటారు గానీ, ఈ వయసులో నన్ను ఎవరేమంటారు, ఆయన పేరు గోవిందరాజ్. అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడితే, మధ్యలో అప్పాసామి ముక్కు మూసుకోకుండా ఉండటానికి పడ్డ అవస్థ చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని తెలుసు. నా నోరు ఎప్పుడూ నా మాట వినదు.

"ఇట్ల అడ్డంగా పంచితే ఒకరికి పాతది, ఒకరికి కొత్తది పోతాది గదా," అన్నాడు అప్పాసామి.

"పెద్దోనికి పాతది. అదే వరస," అన్నాడు బావ.

మా ఆయన "సరి" అనేశాడు. మిల్లులో చేరిన మనిషికి మాగిన ఎరువైతేనేం, నిన్నటి పేడైతేనేం!

గొడవంతా ఆ మిల్లు గురించే. వరసగా వానలు తప్పి పత్తి చేతికి రాకపోయేసరికి, మా ఆయన ఎవరికీ చెప్పకుండా కోవిల్‌పట్టి వెళ్లి నూలు మిల్లులో చేరాడు. బావకి తల కొట్టేసినట్టయింది.

"బూమి ఉండే ఇంట్లో పుట్టి, మిల్లు సంగు ఊదితే పరిగెత్తే పని ఏమిటికిరా నీకు?" అని వీధిలో నిలబడి అరిచాడు.

"బూమి కూడు పెడితే నేను ఏమిటికి పోతాను?" అన్నాడు మా ఆయన.

మాటకు మాట పెరిగి, చివరికి బావ నోట రాకూడని మాట వచ్చింది. "ఇంక నువ్వు గాని నీ పెండ్లాం గాని నా గడప తొక్కద్దు." అంతే, ఇంటి నడిమధ్య మట్టిగోడ లేచింది. వెనక తోటకు ముళ్లకంచె పడింది. బావి మాత్రం ఉమ్మడి. బావిని ఎట్లా పంచుతారు?

అన్నదమ్ముల సంగతి ఎట్లా పోయినా, నాకు పట్టుకున్న దిగులు వేరు. వేలక్క అప్పుడు కడుపుతో ఉంది. అంతకుముందు రెండు కడుపులు ఏడో నెలలోనే పోయాయి. రెండోసారి పక్కన కూర్చున్నది నేనే. ఆమె తల్లి లేని మనిషి కాబట్టి కాన్పుకి వెళ్లడానికి పుట్టిల్లు లేదు. మా అత్త పట్టమ్మాళ్‌కి కళ్లు మసక, దీపం వెలిగించబోయి చేయి కాల్చుకునే మనిషి. అందుకే కడుపు నిలిచిందని తెలిసిన రోజే వేలక్క నా చేయి పట్టుకుని, "నాగా, ఈసారి నువ్వు నా పక్కనే ఉండల్ల. నువ్వుంటే నాకు బయం లేదు," అంది. ఉంటానని ఒట్టు వేశాను. పరికిణీ కట్టుకునే వయసులో ఈ ఇంటికి వస్తే నాకు తల దువ్వింది ఆమె, వంట నేర్పింది ఆమె, నేను అమ్మ మీద బెంగతో ఏడుస్తుంటే పక్కలో పడుకోబెట్టుకున్నది ఆమె. అట్లాంటి ఆమె దగ్గరకు పోవాలంటే ఇప్పుడు బావ గడప తొక్కాలి.

తోటలో తీపి మక్కజొన్న మడి కూడా వేలక్కదే. రెండో కడుపు పోయినప్పుడు సాత్తూరులో వైద్యం చేసిన దొరసాని నర్సు ఆమె మీద జాలిపడి గుప్పెడు గింజలు ఇచ్చిందట. ముడతలు పడ్డ గింజలు. అత్త వాటిని వేళ్లతో తడిమి, "నా మొగం మాదిరే ఉండాయి. ఇవి మొలిచినట్టే," అంది. మొలిచాయి. మన మక్కజొన్నలాగ ఎండనిచ్చి దంచుకునేది కాదట. గింజ పాల మీద ఉండగానే కోసి ఉడకబెడితే బెల్లం అక్కర్లేనంత తీపట. కాకపోతే తిండిపోతు మొక్క. మోకాలెత్తు ఎదిగినప్పుడు ఒకసారి, పూత వచ్చేటప్పుడు ఇంకోసారి ఎరువు పెట్టకపోతే కండెలో గింజ కట్టదని నర్సు మరీమరీ చెప్పిందట.

"నా కానుపు నాటికి కండెలు వస్తాయి నాగా," అనేది వేలక్క విత్తేటప్పుడు. "బాలింతకి పెట్టరు. నువ్వు తిను, నేను వాసన చూసుకుంటా ఉంటాను."

పంపకంలో ఆ మడి మా వైపు పడింది. మాగిన ఎరువు వాళ్ల వైపు పడింది.

ఆవణి నెల వచ్చేసరికి మొక్కలు మోకాలెత్తు లేచాయి గానీ కింది ఆకులు కొసల నుంచి పసుపెక్కసాగాయి. అది ఆకలి అని నాకూ తెలుసు. మా వాటా దిబ్బలో ఉన్నదంతా కొత్త పేడే. ఏదో ఒకటి పెడదామని తట్టకెత్తి ప్రతి మొదలుకీ ఆనించి కుప్ప పోశాను. మర్నాటికి ఆకుల అంచులు వాడాయి, ఆ మర్నాటికి మాడినట్టయ్యాయి. మడి గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాను.

కంచెకు ఆవల వేలక్క ఎర్రావును కట్టేస్తోంది. మేమిద్దరం మాట్లాడుకోకూడదని బావ ఆన. మా ఊళ్లలో జాడ మాట అని ఒకటుంది. మాటలు లేని ఇద్దరు ఆడవాళ్లు కోడినో కుక్కనో అడ్డం పెట్టుకుని, ఒకరినొకరు అనాల్సినవన్నీ దాన్ని అంటారు. అది తిట్టుకోవడానికి పుట్టిన విద్య. వేలక్కకి తిట్టడం రాదు కాబట్టి ఆ విద్యను ఆమె వేరే పనికి వాడింది.

"ఏమే ఎర్రావూ, నీకు బుద్ది ఉండాదా?" అంది గట్టిగా. "పచ్చి పేడ వేడి గదా. పసిబిడ్డ నోట్లో నిప్పులు పోస్తారా ఎవరైనా? తియ్యి. అంతా తీసి దూరంగా పారెయ్యి."

ఎర్రావు నెమరు ఆపి ఆమె వైపు చూసింది. నేను లేచి పేడంతా తీసి దూరంగా వేశాను. మా వైపు ఆవు లేదు. ఒక కోడి తిరుగుతోంది.

"కోడీ, మాగిన ఎరువు యాడుండాదని పెట్టేది? దిబ్బలో మంచిదంతా పెద్దోళ్లు తీసుకుంటిరి గదా," అన్నాను.

"ఎర్రావూ, నీ నోటికి చిక్కం వెయ్యల్ల."

"అది ఉండనీ కోడీ. నువ్వు ఏమైనా తింటివా? కాళ్లు వాచినాయా?"

వేలక్క కంచెకు దగ్గరగా జరిగింది. తర్వాత మెల్లగా అంది, "వాపు లేదే ఎర్రావూ. ఏడో నెల దాటిపోయింది. లోపల బిడ్డ తంతా ఉండాది. నువ్వు బెంగ పెట్టుకోవద్దు."

నేను కొంగుతో మొహం కప్పుకుని హాయిగా ఏడ్చాను. ఏడో నెల దాటింది!

మూడు రోజులకొకసారి మా వంతు నీళ్లు. పాలసామి అనే జీతగాడు రెండు ఇళ్లకీ కపిల తోలేవాడు. ఎద్దులు వాలు మీద దిగితే తోలుసంచి పైకి వచ్చి తొట్టిలో నీళ్లు కుమ్మరిస్తుంది. ఆ నీళ్లు ముందు బావ వాళ్ల వైపు కాలువలో పారి, కంచె కింద నుంచి మా మడికి వస్తాయి. నేను పార పట్టుకుని మడి నోట్లో నిలబడ్డాను. మొదట మామూలు నీళ్లే వచ్చాయి. కొంచెం సేపటికి నీళ్ల రంగు మారింది. ఎర్రగా, తర్వాత నల్లగా, చిక్కగా వచ్చాయి. చేత్తో ముంచి చూశాను. దిబ్బ అడుగున ఏడాదిగా మాగిన ఎరువు. వాసన కూడా లేదు, తడిసిన మట్టి వాసన అంతే.

కంచె సందులోంచి చూశాను. వేలక్క ఒక చేత్తో నడుము పట్టుకుని, ఇంకో చేత్తో తట్టలోంచి ఎరువు తీసి కాలువలో వేస్తోంది. నా వైపు చూడలేదు. నేనూ ఆవును గానీ కోడిని గానీ పిలవలేదు. పార పక్కన పెట్టి, చేతుల్తోనే నీళ్లను ఒక్కో మొదలు దగ్గరికీ మళ్లించాను. వారం తిరిగేసరికి ఆకులు మళ్లీ పచ్చబడ్డాయి.

కానీ దిబ్బ ఒక పక్క కొరికినట్టు తరిగిపోతే బావ కంటికి కనపడకుండా ఉంటుందా? పత్తిచేనికి తోలాల్సిన ఎరువులో తట్టెడు పోయినా ఆయనకు తెలుస్తుంది. ఇంకో వంతు రోజున వేలక్క తట్ట దింపేసరికి ఆయన పార భుజాన వేసుకుని కాలువ గట్టు మీదకి వచ్చాడు. ఎరువు పోతే పోనీ, ఈ కోపంలో కాన్పు నాడు నన్ను కంచె దాటనిస్తాడన్న ఆశ కూడా పోతుందే అనుకున్నాను.

వేలక్క తట్ట పక్కనే నిలబడింది. బావ కాలువలోకి చూశాడు. కంచె మీదుగా మా మడిలో పచ్చబడ్డ ఆకుల వైపు చూశాడు. పార నీళ్లలోకి దించాడు. కాలువ మూసేస్తున్నాడని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన చేతిలో నీళ్లోడే ఎరువు గడ్డ ఉంది.

"ఇట్ల గడ్డలు గడ్డలుగా వేస్తే మడిదాకా పోతాదా?" అన్నాడు భార్యతో. "దారిలోనే కూర్చుంటాది. పొడి చేసి నానబెట్టి, నీళ్లు సన్నగా వచ్చేటప్పుడు వెయ్యల్ల. ఎరువు పెట్టేది కూడా తెలీకుంటే ఎట్ల?"

పంచె ఎగగట్టి కాలువలోకి దిగి గడ్డల్ని కాళ్లతో తొక్కసాగాడు. వేలక్క తట్ట అందుకోబోతే కసిరాడు.

"నువ్వు వంగద్దు. నిండు కడుపుతో తట్ట ఎత్తుతావా? పో, అట్ల కూర్చో."

ఆమె గట్టు మీద కూర్చుంది. ఆయన దిబ్బ దగ్గరికి తానే పోయి ఇంకో తట్ట తెచ్చాడు. అంతా తొక్కి కలిపి, పైకెక్కి కాళ్లు కడుక్కుంటూ ఆకాశం వైపు చూసి అన్నాడు, "మొదళ్లకి మన్ను ఎగదొయ్యకుంటే గాలికి పడిపోతాయి."

మా వాళ్లలో మొగుడి అన్న మరదలితో నేరుగా మాట్లాడడు. పెళ్లయినప్పటి నుంచీ బావ నాతో ఒక్క మాట అన్నది లేదు. కాబట్టి అది నాతో అన్నదని చెప్పలేను. అయినా ఆ పొద్దే మొదళ్లన్నిటికీ మన్ను ఎగదోశాను.

వారమంతా మిల్లు దగ్గరే ఉండే మా ఆయన ఆదివారం జుట్టు నిండా దూదిపింజలతో వచ్చాడు. రాగానే అడిగే మాట ఒకటే.

"అన్న పలకరించినాడా?"

"కాలువను పలకరించినాడు," అన్నాను.

జరిగింది చెబితే ఆయన నవ్వలేదు. బావి గట్టు మీద పోయి కూర్చున్నాడు. అన్న ఆ దారిన వస్తాడేమోనని ప్రతి ఆదివారం అట్లాగే కూర్చునేవాడు. బావ ఆదివారాల్లో తోట వైపు రావడం మానేశాడు. మా ఆయన చీకటి పడ్డాక లేచి వచ్చి, అన్నంలో చేయి పెట్టి, "ఆయన లేకుంటే నాకు ఆ మిల్లు గూడా వద్దనిపిస్తాది," అన్నాడు. ఆ మాట గోడ అవతలికి వినపడితే బాగుండునని నాకనిపించింది.

అత్త మాత్రం రెండు ఇళ్లలోనూ తిరిగేది. గోడా కంచే కళ్లు కనపడేవాళ్లకు గానీ నాకు కాదనేది. ఒకనాడు నా కోసమే బావను అడిగి వచ్చి నా దగ్గర కూలబడింది.

"కానుపుకి నాగాను రానీరా అంటే, మంత్రసాని ఇసక్కియమ్మాళ్ ఉండాది గదా అంటాడు. నోరు జారి అన్న మాటను పట్టుకోని ఊగతా ఉండాడు. వాళ్ల నాయన గూడా ఇట్లే."

"అక్క ఏమంటాది అత్తా?"

"ఏమంటాది? గోడకి ఆనుకోని కూర్చోనుంటాది. నువ్వు ఈ పక్క గిన్నెలు కడిగే చప్పుడు వింటా ఉంటాది."

ఆ రోజు నుంచీ నేను గిన్నెలు కాస్త గట్టిగా కడగడం మొదలుపెట్టాను. కడిగిన గిన్నె మళ్లీ కడిగేదాన్ని.

పూత వచ్చే వేళకు బావ విరుదునగరం సంతకు బండి కట్టుకుని వెళ్లాడు. వచ్చేటప్పుడు ఎద్దులకని వేరుశనగ చెక్క తెచ్చాడు. మూడో నాడు మా వంతు నీళ్ల రోజు. కాలువ పక్కన, కంచెకు ఆనించి ఒక కుండ ఉంది. నిండా నానిన చెక్క, పుల్లటి వాసన, పైన నురగ. ఎద్దులకు పెట్టేది కుండలో పులియబెట్టరు. పాలసామి కపిల తోలుతూ దాన్ని కొంచెం కొంచెంగా నీళ్లలో వంచుతున్నాడు.

"ఎవరు పొయ్యమనింది?" అన్నాను.

"పెద్దయ్య. ఎవరు అడిగినా చెప్పద్దన్నాడు," అన్నాడు పాలసామి.

ఇంత చేసే మనిషి ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోలేడా అని నాకు కోపం వచ్చింది. కోపంతోనే నీళ్లు మళ్లించాను. ఆ చెక్క నీళ్లకి మొక్కలు నా తల దాటాయి. కండెలు బయటికి వచ్చి, లేత పీచు జాలువారింది.

పురట్టాసి నెలలో ఒక పొద్దున తట్ట తీసుకుని మడిలోకి పోయాను. పీచు నల్లబడింది. ఒక కండె పొట్టు తీసి గింజ మీద గోరు నొక్కితే పాలు చిమ్మాయి. ఇంక కోయడమే. మొదటిది అత్త చేత గోడ అవతలికి పంపాలనుకున్నాను. కంచె వైపు చూస్తే ఎర్రావు ఇంకా కట్టుకొయ్య దగ్గరికి రాలేదు. వేలక్క ఆ వేళకి దాన్ని తప్పకుండా తెచ్చి కట్టేది. పిలుద్దామంటే అవతల ఆవూ లేదు, మనిషీ లేదు.

అప్పుడు కంచె విరిగిన చప్పుడైంది. బావ వట్టి చేతుల్తో ముళ్లు లాగేసి, ఎన్నడూ మొక్క తొక్కని మనిషి, మా మడిలో అడ్డంగా పడి కాడలు విరుచుకుంటూ వస్తున్నాడు. చేతుల నిండా రక్తం గీతలు. నేను అలవాటు కొద్దీ పక్కకు తిరిగి తల వంచుకున్నాను. ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నాగమ్మా," అన్నాడు. "రామ్మా. తెల్లారినప్పటి నుంచీ నీ పేరే చెప్తా ఉండాది. నాకు బయంగా ఉండాది."

తట్ట అక్కడే పడేసి, ఆయన తెరిచిన కంచె సందులోంచి పరిగెత్తాను.

వేలక్క చాప మీద చెమటతో తడిసిపోయి ఉంది. ఇసక్కియమ్మాళ్ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. వేలక్క నా చేయి అందుకుని ఎముకలు విరిగేట్టు పట్టుకుంది.

"పీచు నల్లబడిందా?" అంది నొప్పికీ నొప్పికీ మధ్య.

"నల్లబడింది అక్కా."

"మరి పో. పోయి కోసుకో. ఒక్క రోజు పోతే తీపి పోతాది."

"పోనీ అక్కా. నిన్ను విడిచి నేను యాడికీ పోను."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే కేకయింది. మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. ఇసక్కియమ్మాళ్ తలకిందులుగా పట్టుకుని చరిచింది. ఆ కాస్త సేపు నేను ఎవరెవరికి మొక్కుకున్నానో నాకే తెలియదు. తర్వాత ఏడ్చింది. అంత చిన్న ఒంట్లోంచి అంత గొంతు ఎట్లా వచ్చిందో! గుమ్మం బయట బావ గోడకి తల ఆనించి ఏడవడం మా అందరికీ వినపడింది.

పాలసామిని మిల్లుకు తరిమింది ఆయనే. మా ఆయన సంగు ఊదకముందే పని వదిలి, వచ్చీ రాగానే గడప ముందు ఆగిపోయాడు. బావ చాలాసేపు తమ్ముడి తలలో దూదిని చూశాడు.

"ఏమిరా, అట్ల నిలబడుకోనుంటావు?" అన్నాడు. "కాళ్లు కడుక్కోని లోపలికి పొయ్యి బిడ్డను చూడు."

ఆ తర్వాత నేను ఎసరు పెట్టడానికి కూడా మా వైపుకి పోలేదు. బిడ్డ పిడికెడంత ఉంది. రాత్రీ పగలూ ఎవరో ఒకరి ఒళ్లో వెచ్చగా ఉంచాలంది మంత్రసాని. అత్త, నేను, ఆదివారాల్లో మా ఆయన, తక్కిన వేళల్లో బావ, వంతులు వేసుకుని మోశాం. బావ అయితే తన వంతు అయిపోయినా ఇచ్చేవాడు కాదు. తోట సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఒక సాయంత్రం పాలసామి ఒగరుస్తూ వచ్చాడు.

"పెద్దయ్యా, మక్కచోళం మీద చిలకలు గుంపుగా వాలినాయి. కండెలన్నీ తినేస్తా ఉండాయి. డబ్బా కొట్టి తరమల్లనా?"

బావ వాకిట్లో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బిడ్డ ఆయన గుండె మీద అప్పుడే నిద్రపోయింది. వేలక్కా నేనూ లోపలి నుంచి చూస్తున్నాం. దిబ్బలో తట్టెడు ఎరువు తరిగితే పార తీసుకుని వచ్చిన మనిషి, ఇప్పుడు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"డబ్బా కొట్టద్దురా, బిడ్డ లేస్తాది," అన్నాడు మెల్లగా. "తిననీలే."